స్కేట్‌బోర్డ్ వీడియోలో విన్న ఆ బ్యాండ్ పంకా, థ్రాషా? ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు కుదించి చెబుతాను, తర్వాత చదివేవాళ్లకూ ఉపయోగపడుతుంది. మీరు ఇన్నాళ్లూ మెటాలికా, స్లేయర్ లాంటి థ్రాష్ మెటల్ (వేగంగా, బిగువుగా, బరువుగా వాయించే రాక్) బ్యాండ్లు వింటున్నారు. ఈమధ్య ఒక పాత స్కేట్‌బోర్డ్ వీడియో చూస్తుంటే వెనకాల సూసైడల్ టెండెన్సీస్ పాట వచ్చింది, అప్పటినుంచి బుర్రలో అదే మోగుతోంది. గిటార్ వింటే థ్రాష్. పాడేవాడు మాత్రం మెటల్ గాయకుడిలా లేడు, ఎవరితోనో తగువు పెట్టుకున్నట్టు గబగబా మాట్లాడుతున్నాడు. ఇది పంకా (పొట్టిగా, మోటుగా, కోపంగా ఉండే రాక్), మెటలా? ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? ఇలాంటి బ్యాండ్లు ఇంకేమున్నాయి? మీరుండే అపార్ట్‌మెంట్‌లో గిటార్ వాయిస్తుంటే ఆ స్పీడు రావట్లేదు, ఏం చేయాలి? ఇవీ మీరు అడిగినవి.

సూటిగా చెప్పాలంటే రెండూ. ఈ రకానికి క్రాస్ఓవర్ థ్రాష్ అని పేరు. చాలామంది దీన్ని సగం పంక్, సగం మెటల్ అని వర్ణిస్తారు, ఆ వర్ణన నాకు నచ్చదు. క్యాసెట్ల కాలం నుంచి వింటున్నవాడిగా, కొన్నేళ్లు బ్యాండ్‌లో రిథమ్ గిటార్ వాయించినవాడిగా నాకు తోచేది వేరు. పంక్ వాయించే కుర్రాళ్లు ఏడాదికేడాది గిటార్ బాగా నేర్చుకుంటూ, పాటలు పెద్దవి కడుతూ మెటల్ వైపు నడిచారు. ఆ దారిలో ఒక్కోచోట ఆగి వింటే ఒక్కో పాళ్లలో వినిపిస్తుంది. అందుకే ఒక్క పాట విని ఇది ఫలానా అని తేల్చలేం. ఆల్బమ్‌లు వరసగా వినాలి. ఈ బ్యాండ్ విషయంలో ఆ నడక నాలుగు ఆల్బమ్‌లలో తెలుస్తుంది: 1983, 1987, 1988, 1990.

మీరు మెటల్ వైపు నుంచి వస్తున్నారు కాబట్టి 1987 నాటి జాయిన్ ది ఆర్మీతో మొదలుపెట్టండి. దాని రికార్డింగ్ గొప్పగా ఉండదు, కాస్త బురద పట్టినట్టే ఉంటుంది. అయినా రిఫ్‌లు (పదేపదే వచ్చే గిటార్ ముక్కలు) మీ చెవికి పరిచయమైనవే. అది బాగా వంటబట్టాక వెనక్కి 1983కి వెళ్లండి, ఆ తర్వాత ముందుకి రండి. అందరూ మొదట 1983 నాటిదే వినమంటారు, అది క్లాసిక్ కూడా. కాకపోతే థ్రాష్‌కి అలవాటుపడిన చెవికి మొదటి వినికిడిలో అది పల్చగా అనిపించి, పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. నాకు తెలిసిన మెటల్ కుర్రాళ్లు కొందరు అలాగే వదిలేశారు.

వినేటప్పుడు పాట మొత్తాన్ని ఒకేసారి పట్టుకోవాలని చూడకండి. ముందు డ్రమ్స్ ఒక్కటే వినండి. పంక్ నుంచి వచ్చిన బీట్‌లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) ఒకదాని వెనక ఒకటి సమానంగా పడతాయి: దుగ్-టక్, దుగ్-టక్, ఊపిరి తీసుకోనివ్వకుండా. దీన్ని స్కాంక్ బీట్ అంటారు. స్లేయర్‌లో మీరిది ఇప్పటికే విన్నారు, ఎక్కణ్నుంచి వచ్చిందో ఆలోచించి ఉండరు. థ్రాష్ బ్యాండ్లన్నీ పంక్ రికార్డులు అరగదీసినవే. అంటే క్రాస్ఓవర్ కొత్తగా కలిపినదేమీ లేదు, రెండు వైపులా ఉన్న చుట్టరికాన్ని బయటపెట్టింది.

తర్వాత గిటార్ వాయించే కుడి చెయ్యి. పంక్‌లో రెండు మూడు తీగలు కలిపి పట్టే పవర్ కార్డ్ పట్టుకుని కిందికీ పైకీ ఆపకుండా కొడతారు, తీగలు తెరుచుకుని గోలగా మోగుతాయి. థ్రాష్‌లో అరచేతి అంచుని బ్రిడ్జ్ దగ్గర తీగల మీద ఆనించి కొడతారు. అదే పామ్ మ్యూట్. శబ్దం బిగిసిపోయి, ముక్కలు ముక్కలుగా, ఎక్కడ కొట్టాడో ఎక్కడ ఆపాడో కచ్చితంగా తెలిసేలా వస్తుంది. 1983 ఆల్బమ్‌లో తెరుచుకున్న మోత ఎక్కువ. 1988 వచ్చేసరికి బిగిసిన మోత ఎక్కువ. ఈ ఒక్క తేడా పట్టుకోండి, మీ మొదటి ప్రశ్నకి జవాబు మీ చెవికే దొరుకుతుంది.

మూడోది పాట మధ్యలో వేగం ఒక్కసారిగా సగానికి పడిపోయే చోటు. బోనాల ఊరేగింపులో తీన్‌మార్ దరువు మారినప్పుడు ఎవరూ చెప్పకుండానే జనం అడుగు మారుతుంది చూడండి, ఇక్కడా అదే జరుగుతుంది. అప్పటిదాకా స్టేజీ ముందు గుండ్రంగా పరుగెత్తుతున్న జనం ఆ చోట ఆగి, బరువుగా ఊగుతారు. ఈ బ్రేక్‌డౌన్ చోటును దృష్టిలో పెట్టుకునే పాట కడతారు, అది అలంకారం కోసం పెట్టింది కాదు. ఇంట్లో ఇయర్‌ఫోన్లలో విన్నప్పుడు అనవసరంగా నిదానించారే అనిపించే ముక్క, స్టేజీ ముందు నిలబడితే పాటకి కేంద్రంలా తోస్తుంది.

గొంతు సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే అది ఆ ఊరితో ముడిపడి ఉంది.

ఊరంటే లాస్ ఏంజిలస్ సముద్రతీరంలోని వెనిస్. పక్కనే శాంటా మోనికా. ఈ రెండిటి మధ్య పాతబడిపోయిన తీరప్రాంతాన్ని 1970లలో డాగ్‌టౌన్ అనేవాళ్లు. స్కేట్‌బోర్డింగ్ ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి వచ్చింది ఎక్కువగా అక్కడే. 1970ల మొదట్లో మట్టి చక్రాల బదులు యురెథేన్ చక్రాలు వచ్చాయి, బోర్డు నేలని పట్టుకోవడం మొదలైంది. 1976, 77లలో కాలిఫోర్నియాలో పెద్ద కరువు. ఇళ్ల వెనక ఉండే ఈత కొలనులు ఎండిపోయాయి, చాలామంది నింపడం మానేశారు. జెఫైర్ అనే సర్ఫింగ్ దుకాణం జట్టు కుర్రాళ్లు గోడలు దూకి ఆ ఖాళీ కొలనుల్లో, వంపు తిరిగిన సిమెంటు గోడల మీద సముద్రపు అలల మీద తిరిగినట్టే తిరిగారు. జీ-బాయ్స్ అని పిలిచే ఆ జట్టులో జిమ్ మ్యూర్ ఒకడు. అతను డాగ్‌టౌన్ పేరుతోనే స్కేట్‌బోర్డుల కంపెనీ పెట్టాడు. అతని తమ్ముడే సూసైడల్ టెండెన్సీస్ గాయకుడు మైక్ మ్యూర్.

అంటే స్కేటింగ్ ఈ బ్యాండ్ తగిలించుకున్న వేషం కాదు, ఇంట్లోనే ఉంది. దీనికి తోడు 1980 ప్రాంతంలో ఇంకొకటి జరిగింది. స్కేట్‌బోర్డింగ్ మోజు పడిపోయింది. దెబ్బలు తగిలితే కేసులు, బీమా ఖర్చులు తట్టుకోలేక స్కేట్ పార్కులు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మిగిలింది మొండివాళ్లు. వాళ్లు పెరట్లో చెక్కలతో ర్యాంపులు కట్టుకున్నారు. సరిగ్గా అదే సమయంలో హార్డ్‌కోర్ పంక్ (ఇంకా వేగంగా, గరుకుగా ఉండే పంక్) కూడా పెద్ద కంపెనీల కంటికి ఆనకుండా గ్యారేజీల్లో, అద్దె హాళ్లలో పెరుగుతోంది. రెండు చోట్లా అదే వయసు, అదే కోపం, చాలావరకు అవే ముఖాలు. 1981 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి థ్రాషర్ అనే స్కేట్ పత్రిక మొదలైంది. 1983 నుంచి అది స్కేట్ రాక్ పేరుతో క్యాసెట్లు కూడా విడుదల చేసింది. అరిజోనాలోని ఫీనిక్స్ నుంచి జేఎఫ్ఏ, శాన్ హోసే నుంచి ద ఫ్యాక్షన్ లాంటివి ఈ వర్గంలో పేరున్నవి. ద ఫ్యాక్షన్‌లో స్టీవ్ కబాయెరో ఉండేవాడు. పెద్ద పేరున్న స్కేటర్ అతను, మీ వీడియోల్లో కనిపించే ఉంటాడు.

కొలనులో ఒక్కో రన్ కొన్ని సెకన్లే ఉంటుంది. దానికి సరిపోయేది ముందూ వెనకా సాగదీయని పాట. స్కేట్ పంక్ అంత వేగంగా, అంత పొట్టిగా ఉండడానికి ఇది ఒక్కటే కారణమని అనను. కానీ స్కేటింగ్ చేస్తూ విన్నవాళ్లు ఎవరైనా ఇదే చెబుతారు.

ఇక్కడొక గందరగోళం తీర్చాలి. ఇంటర్నెట్‌లో స్కేట్ పంక్ అని వెతికితే మీకు ఎక్కువగా వచ్చేవి నోఎఫ్ఎక్స్, పెన్నీవైజ్ లాంటి 1990ల బ్యాండ్లు. అవి వేగమే, కానీ శ్రావ్యంగా, కోరస్‌లతో ఉంటాయి. మీకు వీడియోలో నచ్చింది అది కాదు. 1980ల మొదటి తరం స్కేట్ పంక్ గరుకుగా ఉంటుంది, థ్రాష్‌తో కలిసింది కూడా అదే. పేరు ఒకటే కావడం వల్ల చాలామంది రాంగ్ ప్లేలిస్ట్‌లో పడి, నాకిది పడదు అని వెళ్లిపోతారు.

ఇప్పుడు 1983 ఆల్బమ్. బ్యాండ్ పేరే ఆల్బమ్ పేరు, ఫ్రాంటియర్ రికార్డ్స్ తీసుకొచ్చింది. నిడివి అరగంట లోపే. నిర్మాత గ్లెన్ ఇ. ఫ్రీడ్‌మన్, స్కేట్‌బోర్డింగ్ ఫొటోలకు పేరుపొందిన వ్యక్తి. అట్ట మీది ఫొటో కూడా ఆయనదే, బ్యాండ్ సభ్యులు తలకిందులుగా వేలాడుతుంటారు. ఈ ఆల్బమ్‌కి ముందు ఏడాది ఫ్లిప్‌సైడ్ అనే పంక్ పత్రిక పాఠకులు వీళ్లని చెత్త బ్యాండ్‌గా ఎన్నుకున్నారు. ఆల్బమ్ వచ్చాక అదే పత్రిక పాఠకులు ఉత్తమ కొత్త బ్యాండ్‌గా ఎన్నుకున్నారు. పాఠకుల ఓటింగ్‌లని నేను పెద్దగా పట్టించుకోను కానీ ఇది మాత్రం ముచ్చటగా ఉంటుంది.

అందులో ఇన్‌స్టిట్యూషనలైజ్డ్ అనే పాట ఉంది. మీరు విన్నది ఇదే అయివుండొచ్చు, గబగబా మాట్లాడాడు అన్నారు కాబట్టి. దీనికి మామూలు పాటలా చరణం, పల్లవి అని రాగం కట్టలేదు. గిటార్ నిదానంగా మొదలవుతుంది, దాని మీద మైక్ మ్యూర్ కథ చెబుతున్నట్టు మాట్లాడతాడు. గదిలో ఒంటరిగా కూర్చుని ఏదో ఆలోచిస్తుంటే అమ్మ వచ్చి ఏమైంది నీకు అంటుంది. ఏమీ కాలేదు, తాగడానికి ఒక పెప్సీ ఇస్తే చాలు అంటాడు. ఆమె నమ్మదు, మత్తుమందులకి అలవాటు పడ్డావంటుంది. అతను వద్దన్నకొద్దీ అది ఇంకా రుజువైనట్టే తయారవుతుంది. మాట వేగం పెరుగుతుంది, డ్రమ్స్ పెరుగుతాయి, చివరికి నీ మంచికే అంటూ అమ్మానాన్నలు ఆసుపత్రిలో చేర్పిస్తామనేసరికి బద్దలవుతుంది.

ఇంటర్ చదివేటప్పుడు గది తలుపు వేసుకుని కూర్చున్న ఏ తెలుగు పిల్లాడికైనా ఈ పాటకి అనువాదం అక్కర్లేదు. నవ్వొస్తుంది, ఆ నవ్వులోనే గొంతు పట్టుకున్నట్టు ఉంటుంది. ఇక్కడే గొంతు సంగతి. మెటల్‌లో అప్పటికి గాయకులు యుద్ధాలు, దెయ్యాలు, ప్రళయాల గురించి పాడుతున్నారు. వాళ్ల గొంతు ఎత్తైన చోట నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది. మ్యూర్ గొంతు వీధి అరుగు మీది గొంతు. అమ్మతో, పోలీసుతో, తనతో తనే వాదించుకునే కుర్రాడిది. మెటల్‌కి పంక్ ఇచ్చింది స్పీడు ఒక్కటే అనుకుంటారు, నా దృష్టిలో ఈ గొంతు అంతకంటే పెద్దది. ఈ పాట 1984లో రెపో మ్యాన్ సినిమాలో వాడారు, వీడియో ఎంటీవీలో వచ్చింది. హార్డ్‌కోర్ పంక్‌కి అప్పట్లో అలాంటి చోటు దొరకడం అరుదు.

బ్యాండ్ పేరు చూసి ఇంట్లో కంగారుపడితే వాళ్ల తప్పేమీ లేదు, పేరు అలాంటిది. నాకూ ఆ పేరు ఇష్టం లేదు. పాటల్లో ఎక్కువ భాగం బతకాలనుకునేవాడి కోపమే తప్ప చావుని పొగిడేవి కావు, 1983 ఆల్బమ్‌లో కొన్ని ముతక హాస్యం ఉన్నవి తప్ప. మనసు బాగాలేని రోజుల్లో మాత్రం ఆ ఆల్బమ్ పక్కన పెట్టండి. ఇది నేను పెద్దరికం కోసం చెప్పడం లేదు.

వీళ్ల వేషం వల్ల వచ్చిన ఇబ్బంది కూడా చెప్పాలి. తల చుట్టూ నీలం బ్యాండ్‌నా, పై బొత్తాం ఒక్కటే పెట్టుకున్న చొక్కా, అంచు పైకి మడిచిన టోపీ. ఇది వెనిస్ వీధుల్లో మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ల పద్ధతి. లాస్ ఏంజిలస్‌లో ఆ రంగులు, ఆ బట్టలు అంటే పోలీసులకి గ్యాంగ్ గుర్తులు. షోలలో గొడవలు కూడా నిజంగానే జరిగేవి. దాంతో 1980ల మధ్య నుంచి కొన్నేళ్లు సొంత ఊళ్లోనే వాళ్లకి వాయించడానికి హాలు దొరకడం గగనమైంది. మొదటి ఆల్బమ్‌కీ రెండోదానికీ మధ్య నాలుగేళ్ల ఖాళీ ఉండడం గమనించండి.

ఆ నాలుగేళ్లలోనే బయట ప్రపంచం మారిపోయింది. 1983లో పంక్ షోకి పొడుగు జుట్టుతో వెళ్తే తన్నులు తినే పరిస్థితి. 1986, 87 నాటికి అదే హాల్లో సగంమంది పొడుగు జుట్టువాళ్లు. మెటల్ వాళ్లు స్టేజ్ డైవింగ్ (స్టేజీ మీంచి జనంలోకి దూకడం) నేర్చుకున్నారు, పంక్ వాళ్లు గిటార్ సోలోలు సహించడం నేర్చుకున్నారు. సూసైడల్ టెండెన్సీస్‌లోకి రాకీ జార్జ్ వచ్చాడు. నాకు ఇతనంటే ప్రత్యేకమైన అభిమానం. పంక్‌లో సోలో అంటే గొప్పలు పోవడం అని ఒక చిన్నచూపు ఉండేది. రాకీ జార్జ్ సోలోలు మెటల్ వాళ్లకి తీసిపోవు, అయినా పాటని ఆపి నన్ను చూడండి అన్నట్టు ఉండవు. మ్యూర్ మాట ఎక్కడ ఆపాడో అక్కడ అదే కోపంతో గిటార్ అందుకుంటుంది. జాయిన్ ది ఆర్మీలో వార్ ఇన్‌సైడ్ మై హెడ్ వినండి, తర్వాత 1983 ఆల్బమ్‌లో ఏదో ఒక పాట వినండి. దూరం తెలుస్తుంది. పాత పంక్ అభిమానులు అప్పట్లో అమ్ముడుపోయారు అని తిట్టిపోశారు. ఆ తిట్లకీ కొంత న్యాయం ఉంది, ఎందుకంటే మొదటి ఆల్బమ్‌లోని ఆ తలతిక్క హాస్యం తర్వాత తగ్గిపోయింది.

పొసెస్డ్ టు స్కేట్ కూడా జాయిన్ ది ఆర్మీలోదే. వీడియో దొరికితే చూడండి. అమ్మానాన్నలు ఊరెళ్లగానే కుర్రాళ్లు ఇంట్లో దూరి, కొలను ఖాళీ చేసి స్కేటింగ్ చేస్తారు, ఇల్లు పీకి పందిరేస్తారు. అందులో తండ్రి వేషం వేసింది తిమోతీ లియరీ, 1960లలో ఎల్ఎస్‌డీ ప్రచారంతో పేరు మోసిన మనిషి. ఆయన్ని తీసుకొచ్చి క్రమశిక్షణ గల నాన్నగా నిలబెట్టడమే అక్కడి జోకు.

1988లో ఎపిక్ లాంటి పెద్ద కంపెనీకి మారారు. రెండో గిటారిస్ట్‌గా మైక్ క్లార్క్ వచ్చాడు, రిఫ్‌లు ఎత్తుకి ఎత్తు లావెక్కాయి. ఆ ఏడాది ఆల్బమ్‌లోని ట్రిప్ ఎట్ ద బ్రెయిన్ పాట మొదలైన పది సెకన్లకే మీరు సొంత ఇంటికి వచ్చినట్టు ఫీలవుతారు, అంత మెటల్. 1990 నాటి లైట్స్ కెమెరా రెవల్యూషన్ నా దృష్టిలో వాళ్ల శిఖరం. రాబర్ట్ ట్రుజిల్లో బాస్ 1989 నుంచి ఉంది, సెండ్ మీ యువర్ మనీ అనే పాట మొదట్లో ఆ బాస్ ఒక్కటే పాటని మోస్తుంది. టీవీలో దేవుడి పేరు చెప్పి డబ్బులు పిండే ప్రచారకుల మీద ఎగతాళి అది. ఆ ఆల్బమ్ గ్రామీ మెటల్ విభాగంలో మెగాడెత్, జూడాస్ ప్రీస్ట్, ఆంత్రాక్స్‌లతో పాటు నామినేట్ అయింది. గెలిచింది మెటాలికా.

ఆ ట్రుజిల్లోనే 2003 నుంచి మెటాలికా బాసిస్ట్. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించినప్పుడు హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి రాత్రి బస్సులెక్కి వెళ్లినవాళ్లు, ఎండ్రకాయలా వంగి స్టేజీ మీద తిరుగుతున్న ఆ బాసిస్ట్‌ని చూశారు కదా, అతనే. మరుసటి ఏడాది అదే నగరంలో స్లేయర్ వచ్చినప్పుడు డ్రమ్స్ మీద ఉన్న డేవ్ లొంబార్డో 2016లో సూసైడల్ టెండెన్సీస్‌లో చేరాడు. మీరు వినే రెండు బ్యాండ్లకీ దీనికీ బంధుత్వం పుస్తకంలో రాసింది కాదు, మనుషులే అటూ ఇటూ తిరిగారు. 2021 నుంచి బాస్ వాయించింది ట్రుజిల్లో కొడుకు టై.

ఇక మిగతా బ్యాండ్లు. డీఆర్ఐ తప్పనిసరి. టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో 1982లో మొదలై శాన్ ఫ్రాన్సిస్కోకి మారారు. మొదటి రికార్డులో ఒక చిన్న ఏడంగుళాల పళ్లెం మీద 22 పాటలు. పాట మొదలైందని గ్రహించేలోపు అయిపోతుంది. 1985 నాటి డీలింగ్ విత్ ఇట్‌లో ఆ వేగం అలాగే ఉండి రిఫ్‌లు పెరిగాయి. 1987లో ఆల్బమ్‌కి ఏకంగా క్రాస్ఓవర్ అని పేరు పెట్టారు, ఈ రకానికి ఆ పేరు స్థిరపడింది దానివల్లే. మూడూ వరసగా వింటే నేను పైన చెప్పిన నడక ఇక్కడ ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఒకే ఆల్బమ్ అంటే నేను డీలింగ్ విత్ ఇట్ వైపే ఓటేస్తాను. క్రాస్ఓవర్ ఆల్బమ్‌లో పాటలు ఒక్కోసారి అవసరానికి మించి సాగుతాయి.

న్యూయార్క్ వైపు ఎస్‌ఓడీ. ఆంత్రాక్స్ నుంచి స్కాట్ ఇయన్, చార్లీ బెనాంటే, వాళ్లతో డాన్ లిల్కర్, గాయకుడు బిల్లీ మిలానో. 1985లో ఒక ఆల్బమ్ చేశారు, గిటార్ శబ్దం విషయంలో దాని ప్రభావం ఇప్పటికీ పోలేదు. దాని పేరు స్పీక్ ఇంగ్లిష్ ఆర్ డై. వలస వచ్చినవాళ్ల మీద వెటకారం. అది జోకు అని వాళ్లు చెప్పుకున్నారు. అమెరికాలో యాసతో ఇంగ్లిష్ మాట్లాడుతూ బతికే మన చుట్టాలని తలుచుకుంటే నాకు ఆ జోకు పేలదు. రిఫ్‌ల కోసం ఒకసారి వినండి, టీషర్ట్ కొనకండి.

నార్త్ కరొలైనా నుంచి కొరోజన్ ఆఫ్ కన్ఫార్మిటీ వాళ్ల 1985 ఆల్బమ్ ఎనిమాసిటీ, శాంటా మోనికా నుంచి క్రిప్టిక్ స్లాటర్ 1986 ఆల్బమ్ కన్విక్టెడ్. రెండోది నాకు ఎక్కువసేపు వింటే తలనొప్పి, కొందరికి అదే కావాలి. వెనిస్‌లోనే ఎక్సెల్ అని ఇంకో బ్యాండ్ ఉంది, సూసైడల్ టెండెన్సీస్ నీడలో ఉండిపోయింది కానీ 1987 నాటి స్ప్లిట్ ఇమేజ్ మంచి ఆల్బమ్.

కొత్త తరంలో వర్జీనియాలోని రిచ్‌మండ్ నుంచి మ్యునిసిపల్ వేస్ట్. 2001లో మొదలైంది, 1980ల రుచిని మళ్లీ బతికించింది వీళ్లే. 2005 నాటి హజార్డస్ మ్యుటేషన్, 2007 నాటి ది ఆర్ట్ ఆఫ్ పార్టీయింగ్. కడుపుబ్బ నవ్విస్తూనే రిఫ్ మీద రిఫ్ వేస్తారు. డల్లస్ నుంచి పవర్ ట్రిప్, 2017 నాటి నైట్‌మేర్ లాజిక్. ఇది స్కేట్ వాసన తక్కువ, బరువు ఎక్కువ. గాయకుడు రైలీ గేల్ 2020లో చనిపోయాడు. ఇప్పటి రికార్డింగ్ శబ్దానికి అలవాటుపడ్డవాళ్లకి పాతవాటి కంటే ఇదే తేలిగ్గా ఎక్కుతుంది.

చివరగా గిటార్. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆంప్ మీద గెయిన్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా చేసే మీట) పూర్తిగా తిప్పేసి వాయిస్తున్నారు. తగ్గించండి, సగం చాలు. గెయిన్ ఎక్కువైతే తప్పులు కప్పబడతాయి, మీకు స్పీడు వచ్చినట్టు అనిపిస్తుంది, రికార్డ్ చేసి వింటే అంతా ముద్ద. మిడ్ (మధ్య స్థాయి శబ్దం) కాస్త పెంచండి. రోజూ కొంతసేపు డిస్టార్షన్ అసలు లేకుండా వాయించండి. డౌన్‌స్ట్రోక్ (కిందికి కొట్టే దెబ్బ) మణికట్టు నుంచి రావాలి, మోచేతి నుంచి కాదు. పిక్ గట్టిగా బిగించి పట్టుకోకండి, కొన పొడుగ్గా బయటికి ఉంచకండి.

మెట్రోనోమ్ పెట్టుకుని ఎనిమిదో నోట్లు (ఒక్కో బీట్‌కి రెండేసి దెబ్బలు) అన్నీ డౌన్‌స్ట్రోక్‌లతో నిమిషానికి 140 బీట్ల దగ్గర మొదలుపెట్టండి, నాలుగైదు నిమిషాలు అలుపు లేకుండా వస్తే ఐదేసి చొప్పున పెంచండి. స్కాంక్ బీట్ భాగాలకి మాత్రం కిందికీ పైకీ కొట్టాల్సిందే, అక్కడ డౌన్‌స్ట్రోక్ పంతం పనికిరాదు. ఈ రెండిటి మధ్య బీట్ తప్పకుండా మారడమే ఈ సంగీతంలో కష్టమైన పని, స్పీడు దాని తర్వాత. జాయిన్ ది ఆర్మీ టైటిల్ పాట నిదానంగా ఉంటుంది, చేతికి బిగువు అలవాటవడానికి దానితో మొదలుపెట్టి, అది కుదిరాక వార్ ఇన్‌సైడ్ మై హెడ్‌కి వెళ్లండి. మణికట్టు నొప్పి పెడితే ఆ రోజుకి ఆపేయండి. అపార్ట్‌మెంట్ అంటున్నారు కదా, పక్క ఫ్లాట్ వాళ్ల బాధ లేకుండా హెడ్‌ఫోన్ ఆంప్ ఒకటి తీసుకోండి. మోడల్ గురించి అడగాలంటే మీ బడ్జెట్ రాయండి, చెబుతాను.